శాంతిసేనకు రూపమిచ్చిన రాయబారి

1956వ సంవత్సరము నవంబరు 15వ తేదీన ఈజిప్టు దేశములోని అబూ సువేర్ విమానాశ్రయమున విదేశ సైనికులు కొందఱు దిగిరి. వారు ఆ దేశమును జయింప వచ్చినవారు కారు; ఆ దేశమునకు సాయముగా శత్రువులతో పోరాడ వచ్చినవారును కారు. పోరాడిన ఇరుపక్షములకు నడుమ నిలిచి, ఒకరు మఱియొకరి మీదికి పోకుండ చూచుటయే వారికి అప్పగింపబడిన పని. చేత తుపాకి ఉన్నను, ఆత్మరక్షణకు తప్ప దానిని పేల్చుటకు వారికి అనుమతి లేదు. అంతకుముందు ఐక్యరాజ్యసమితి పక్షమున కాల్పుల విరమణను పరిశీలించుటకు కొలదిమంది అధికారులు పోయి యుండిరి గాని, ఇట్టి సేన ఒకటి పుట్టుట అదియే మొదలు. రెండు వారములకు ముందు కాగితము మీద కూడ లేని ఆ సేనకు రూపమిచ్చినవారిలో ముఖ్యుడు కెనడా దేశపు విదేశాంగ మంత్రి లెస్టర్ బోల్స్ పియర్సన్.

పియర్సన్ 1897వ సంవత్సరము ఏప్రిల్ 23వ తేదీన అంటారియో రాష్ట్రమున, టొరంటో నగర సమీపమందలి న్యూటన్‌బ్రూక్ గ్రామమున జన్మించెను. తండ్రి ఎడ్విన్ పియర్సన్ మెథడిస్టు క్రైస్తవ శాఖకు చెందిన బోధకుడు. ఆ శాఖవారు తమ బోధకులను కొలది సంవత్సరముల కొకసారి ఊరు మార్చుచుండెడివారు. అందువలన ముగ్గురన్నదమ్ములలో నడిమివాడైన లెస్టర్ బాల్యము ఒక ఊరినుండి మఱియొక ఊరికి సాగుచు గడచెను. క్రొత్త బడి, క్రొత్త వీధి, క్రొత్త స్నేహితులు. ఇంట ధనము లేకున్నను పుస్తకములకును ఆటలకును కొదువ లేకుండెను. బేస్‌బాల్ ఆటయందును, మంచుగడ్డపై ఆడు హాకీయందును ఆ బాలునకు మిక్కిలి ప్రీతి. ఎక్కడికి పోయినను అక్కడివారితో ఇట్టే కలిసిపోవు గుణము అతనికి ఆ దినములలోనే అబ్బినదని తలపవచ్చును.

1914వ సంవత్సరమున మొదటి ప్రపంచ యుద్ధము ఆరంభమయ్యెను. నాటి కెనడా బ్రిటిషు సామ్రాజ్యములో ఒక భాగము. బ్రిటను యుద్ధమున దిగినదనగా కెనడాయు దిగినట్లే. టొరంటో విశ్వవిద్యాలయమున చదువుచున్న పియర్సన్ 1915లో, పదునెనిమిదవ ఏట, సైనిక వైద్యదళమున చేరెను. అతనిని మొదట ఈజిప్టునకును, పిదప గ్రీసు దేశములోని సలోనికా రేవునకును పంపిరి. గాయపడినవారిని మోయుట, ఆసుపత్రి సామానులు చేరవేయుట మొదలగు చిన్న పనులు అతనికి దొరకెను. యుద్ధమును గూర్చి జయగీతములు పాడువారు చూడని భాగమును అతడు అక్కడ చూచెను.

రెండేండ్లు గడచిన పిదప 1917లో అతడు విమానదళమునకు మారెను. లెస్టర్ అను పేరు వైమానికునకు తగినది కాదని అక్కడి అధికారి యొకడు అతనిని మైక్ అని పిలువసాగెను. ఆ పేరు స్నేహితులలో జీవితాంతము నిలిచిపోయెను గాని, వైమానిక జీవితము మాత్రము నిలువలేదు. శిక్షణలో విమానము కూలి, ప్రాణములు దక్కెను. కొలది కాలమునకే లండను నగరమున, శత్రువిమానముల భయముచే దీపములార్పిన చీకటి వీధిలో, ఒక బస్సు అతనిని ఢీకొనెను. 1918లో అతనిని స్వదేశమునకు పంపివేసిరి. యుద్ధవీరుడని చెప్పుకొనుటకు ఇందులో ఏమియు లేదు.

1919లో పట్టము పుచ్చుకొన్న పిదప ఏ వృత్తి చేపట్టవలెనో అతనికి తోచలేదు. మాంసపు సరకులు తయారుచేయు ఒక పెద్ద వర్తక సంస్థలో కొంతకాలము పనిచేసి, అది తనకు సరిపడదని గ్రహించి మానుకొనెను. 1921లో విద్యార్థివేతనము పొంది ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు పోయి, రెండేండ్లు చరిత్ర చదివెను. తిరిగి వచ్చి టొరంటోలో చరిత్ర బోధకుడయ్యెను. తరగతిలో చరిత్ర చెప్పుటయు, సాయంకాలము విద్యార్థులకు ఆటలు నేర్పుటయు అతనికి సమానముగా ఇష్టములు. తన తరగతిలో చదివిన మేరియన్ మూడీ అను యువతిని 1925లో వివాహమాడెను. వారికి ఒక కుమారుడు, ఒక కుమార్తె కలిగిరి.

ఆ కాలమున కెనడాకు స్వంత విదేశాంగ నీతి అనునది ఇంచుమించు లేదు. యుద్ధమైనను సంధియైనను లండనులోనే నిర్ణయింపబడుచుండెను. అయినను రాజధానియగు ఒట్టావాలో ఒక చిన్న విదేశాంగ శాఖను దృఢముగా నిర్మింపవలెనని డాక్టర్ స్కెల్టన్ అను ఉన్నతాధికారి సంకల్పించి, చురుకైన యువకులను పరీక్షలు పెట్టి ఏరుచుండెను. 1928లో జరిగిన పరీక్షలో పియర్సన్ ప్రథముడుగా వచ్చెను. హ్యూమ్ రాంగ్, నార్మన్ రాబర్ట్‌సన్ అనువారు ఆ శాఖలో ఆయనకు సహోద్యోగులైరి. ఈ మువ్వురును తరువాత కెనడా దేశమునకు ప్రపంచమున ఒక స్థానమును సంపాదించి పెట్టిరి. వారి స్నేహము ఎంతటిదో ఈ కథ చివర తెలియగలదు.

1935లో పియర్సన్ లండనులోని కెనడా హై కమిషనరు కార్యాలయమునకు మారెను. రెండవ ప్రపంచ యుద్ధమునకు దారితీసిన సంఘటనలను ఆయన దగ్గరనుండి చూచెను. 1940లో ఆ నగరముపై జర్మను విమానములు కురిపించిన బాంబుల నడుమ పనిచేసెను. 1942లో వాషింగ్టనునకు పోయి, 1945లో అచ్చటనే కెనడా రాయబారి అయ్యెను. అదే సంవత్సరము ఐక్యరాజ్యసమితిని స్థాపించిన శాన్‌ఫ్రాన్సిస్కో మహాసభలో పాల్గొనెను. 1947లో పాలస్తీనా సమస్యపై సమితి జరిపిన ప్రత్యేక సమావేశమున రాజకీయ సంఘమునకు అధ్యక్షత వహించెను. కావున ఆ ప్రాంతపు చిక్కులు ఆయనకు క్రొత్తవి కావు.

1948లో ఆయన ఉద్యోగము వదలి రాజకీయములలో ప్రవేశించి, విదేశాంగ మంత్రి అయ్యెను. ఆయన ఏ పక్షమునకును చెందని సన్న్యాసి అని భావింపరాదు. 1949లో పాశ్చాత్య దేశములు చేసికొన్న ఉత్తర అట్లాంటిక్ సైనిక సంధికి కెనడా పక్షమున చేవ్రాలు చేసినవారిలో ఆయన యొకడు. సోవియట్ రష్యా ఆయనను తమవాడని ఎన్నడును తలపలేదు. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి పదవి ఆయనకు దక్కకుండ అడ్డుపడినది ఆ దేశమే. కాని ఒక కూటమిలో నుండియు, ఎదుటివాని మాటలో న్యాయమెంత కలదో విచారించు అలవాటు ఆయనకుండెను. కొరియా యుద్ధఖైదీల విషయమున 1952లో భారతదేశము ప్రతిపాదించిన తీర్మానము అమెరికాకు మొదట రుచింపకున్నను, పియర్సన్ దానిని బలపఱచెను. ఆ యేడు ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభకు అధ్యక్షుడు ఆయనయే. మఱుసటి యేడు ఆ పీఠమున కూర్చున్నది మన దేశపు విజయలక్ష్మీ పండిట్.

ఆసియా ఖండమందలి క్రొత్త స్వతంత్ర దేశములకు సహాయము చేయుటకై ఏర్పడిన కొలంబో ప్రణాళికకు నాంది పలికిన 1950 నాటి సమావేశమున పియర్సన్ పాల్గొనెను. నేటి జార్ఖండ్ రాష్ట్రములోని మసాంజోర్ వద్ద మయూరాక్షి నదిపై ఒక ఆనకట్ట కలదు. దాని నిర్మాణమునకు కెనడా సహాయము చేసెను. 1955లో భారతదేశమునకు వచ్చి దానిని ప్రారంభించినది పియర్సనే. కెనడా ఆనకట్ట అను పేరు దానికి నిలిచిపోయినది.

ఇక సూయజ్ కథ. మధ్యధరా సముద్రమును ఎఱ్ఱసముద్రముతో కలుపు సూయజ్ కాలువ ఈజిప్టు భూమిలో త్రవ్వబడినది. పటమును తెఱచి చూచినచో బొంబాయినుండి లండనునకు పోవు ఓడకు ఆ కాలువ ఎంత దూరము తగ్గించుచున్నదో తెలియును. అది లేనిచో ఆఫ్రికా ఖండమును చుట్టి పోవలెను. 1956 నాటికి కాలువను నడపు కంపెనీలో ముఖ్యమైన వాటాలు బ్రిటిషు ప్రభుత్వమునకును ఫ్రెంచివారికిని ఉండెను. నైలు నదిపై అస్వాన్ ఆనకట్టకు ఇచ్చెదమన్న ధనసహాయమును అమెరికా, బ్రిటను దేశములు జూలై నెలలో ఉపసంహరించుకొనెను. అందుకు ప్రతిగా ఈజిప్టు అధ్యక్షుడు గమాల్ అబ్దుల్ నాసర్ జూలై 26న కాలువ కంపెనీని జాతీయము చేసెను. బ్రిటిషు ప్రధాని ఆంథొనీ ఈడెన్ దానిని సహింపలేదు. బ్రిటను, ఫ్రాన్సు, ఇజ్రాయేలు దేశములు రహస్యముగా కూడబలుకుకొనెను. అక్టోబరు 29న ఇజ్రాయేలు సేనలు ఈజిప్టుపై దాడి వెడలెను. పోరాడువారిని విడదీయుటకు వచ్చుచున్నామను మిషపై బ్రిటను, ఫ్రాన్సు దేశములు అక్టోబరు 31న ఈజిప్టు విమానాశ్రయములపై బాంబులు వేయనారంభించెను.

ఈ సంగతిని కెనడాకు ముందుగా ఎవరును చెప్పియుండలేదు. ప్రధాని సెయింట్ లారెంట్ కోపము పట్టజాలకపోయెను. పియర్సనుకును బాధ కలిగెను గాని, ఆయన ఆలోచన మఱియొక దారిని పోయెను. బ్రిటను చేసినది అన్యాయమని ఆయన ఎఱుగును. కాని పలువురు కెనడావారికి బ్రిటను మాతృదేశము. దానిని నలుగురిలో దోషిగా నిలువబెట్టుట వారికి తల్లిని అవమానించుటతో సమానము. బ్రిటనును సమర్థించినచో భారతదేశము మొదలగు దేశములతో కామన్‌వెల్తు స్నేహము చీలిపోవును. ఆసియా, ఆఫ్రికా ప్రజలు ఇక పాశ్చాత్యులను నమ్మరు. అమెరికాయు బ్రిటనును ఎదిరించుచుండెను. తిట్టుట సులభము, మౌనము అంతకంటె సులభము. యుద్ధము చేసినవారు తలవంచుకొనకుండ వెనుకకు పోవుటకు ఒక దారి చూపుట మాత్రము సులభము కాదు.

భద్రతా మండలిలో బ్రిటను, ఫ్రాన్సు దేశములు వీటో ప్రయోగించుటచే ఆ మార్గము మూసికొనిపోయెను. నవంబరు 1వ తేదీన సర్వప్రతినిధి సభ అత్యవసరముగా సమావేశమయ్యెను. వెంటనే కాల్పులు నిలుపవలెనను అమెరికా తీర్మానము 64 ఓట్లతో నెగ్గెను. వ్యతిరేకించినవి 5 దేశములు. కెనడా అనుకూలముగను, ప్రతికూలముగను ఓటు వేయక తటస్థముగా నిలిచెను. అర్ధరాత్రి దాటిన పిదప పియర్సన్ లేచి అందుకు కారణము వివరించెను. తీర్మానము యుద్ధమును ఆపుమనుచున్నది గాని, ఆగిన మఱునాడు ఏమి చేయవలెనో చెప్పుటలేదు. వెనుకటి స్థితికే పోయినచో వెనుకటి కలహమే మరల పుట్టును. రాజకీయ పరిష్కారము కుదురువఱకు సరిహద్దులలో శాంతిని నిలుపుటకు తగినంత పెద్ద ఐక్యరాజ్యసమితి సేన కావలెను. కెనడా తన సైనికులను ఇచ్చును. ఇదియే ఆయన ఉపన్యాస సారాంశము.

ఐక్యరాజ్యసమితికి సేన ఉండవలెనను మాట అంతకుముందు పలికినవారు లేకపోలేదు. సమితి ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షీల్డ్ సైతము ఇది సాధ్యమా అని మొదట సంశయించెను. పియర్సన్ విసుగక ఒక్కొక్క ప్రతినిధిని కలిసి మాటలాడెను. లండనులో నాడు కెనడా హై కమిషనరుగా నున్నవాడు ఆయన పాత మిత్రుడు నార్మన్ రాబర్ట్‌సనే. ఈ సేన వచ్చినచో బ్రిటను ఒప్పుకొనునా అని ఆయన ద్వారా విచారించెను. శాంతిని కాపాడు పనిని ఐక్యరాజ్యసమితి స్వీకరించినచో తమకు సమ్మతమేయని ఈడెన్ స్వయముగా పార్లమెంటులో అని యుండెను. మాట జాఱిన చోటనే దానిని పట్టుకొనుట రాయబారికి తెలియవలసిన విద్య.

వేళ మించిపోవుచుండెను. మాల్టా ద్వీపమునుండి బయలుదేరిన యుద్ధనౌకలు ఈజిప్టు తీరమును చేరుటకు దాదాపు ఆఱు దినములు పట్టెను. ఆ నౌకల నడక ఎంత మందముగా నుండెనో, న్యూయార్కులో మాటలాడుకొనుటకు అంత గడువు దొరకెను. నవంబరు 3వ తేదీ రాత్రి సభ మరల కూడెను. నలువది యెనిమిది గంటలలో సేనను గూర్చిన ప్రణాళికను ప్రధాన కార్యదర్శి సమర్పింపవలెనని పియర్సన్ ఒక చిన్న తీర్మానమును ప్రవేశపెట్టెను. కాల్పులు తక్షణమే ఆపవలెనని భారతదేశముతో కూడిన ఆసియా, ఆఫ్రికా దేశములు వేఱొక తీర్మానమును తెచ్చెను. 4వ తేదీ తెల్లవారకముందే రెండును ఆమోదింపబడెను. పియర్సన్ తీర్మానమునకు అనుకూలముగా 57 ఓట్లు వచ్చెను. అందులో భారతదేశపు ఓటు ఒకటి. 19 దేశములు తటస్థముగా నుండెను. వ్యతిరేకముగా ఒక్క ఓటైనను పడలేదు. దాడి చేసిన మూడు దేశములును, దాడికి గుఱియైన ఈజిప్టును, రష్యాయు తటస్థముగా నుండిన వానిలో కలవు. ఇందఱు శత్రువులు ఒక విషయమున మౌనము వహించుటయే ఆ రాత్రి జరిగిన వింత. అదే ఉదయమున హంగేరీ రాజధాని బుడాపెస్టులోనికి రష్యా ట్యాంకులు ప్రవేశించెను. అక్కడ నడుమ నిలువగలిగిన సేన ఏదియు లేకపోయెను.

కెనడా సేనానియగు బర్న్స్ ఈ సేనకు అధిపతిగా నియమింపబడెను. బ్రిటిషు, ఫ్రెంచి సైనికులు నవంబరు 5, 6 తేదీలలో పోర్ట్ సయీద్ రేవున దిగినను, 6వ తేదీ అర్ధరాత్రికి కాల్పులు నిలిచెను. అమెరికా వారి ఆర్థికపు ఒత్తిడి ఇందుకు ముఖ్య కారణమను మాట నిజమే; కాని వెనుకకు పోవుటకు దారి నిచ్చినది ఈ సేన. భారతదేశము, యుగోస్లావియా, స్వీడను, నార్వే, డెన్మార్కు, ఫిన్లాండు, కొలంబియా, బ్రెజిలు, ఇండొనీషియా, కెనడా దేశముల సైనికులు ఇందులో చేరిరి. వారి సంఖ్య సుమారు 6,000 వఱకు పెరిగెను. అందఱును ఒకే జట్టువారని తెలియుటకై వారి శిరస్త్రాణములకు నీలిరంగు పూసిరి.

ఇచ్చట పియర్సనుకు ఊహింపని ఎదురుదెబ్బ ఒకటి తగిలెను. కెనడా పంపదలచిన పటాలము పేరు క్వీన్స్ ఓన్ రైఫిల్స్, అనగా రాణిగారి స్వంత తుపాకిదళము. వారి దుస్తులు బ్రిటిషు సైనికుల దుస్తులవంటివి. కెనడా పతాకము మూలలో బ్రిటిషు జెండా గుర్తు. నిన్నటి దినమున తమపై బాంబులు వేసినవారికిని వీరికిని భేదమును మా ప్రజలు ఎట్లు తెలిసికొందురని నాసర్ అభ్యంతరము చెప్పెను. సేనను గూర్చి ప్రతిపాదించిన దేశపు సేనకే ప్రవేశము లేకపోయెను! రేవునకు చేరిన పటాలము వెనుకకు మరలెను. పియర్సన్ పట్టుపట్టక, వైద్యులను, వాహన చోదకులను, వార్తాదళమువారిని, విమానములను పంపుటకు అంగీకరించెను. వారిలో అనేకులను, వారి వాహనములను మాగ్నిఫిసెంట్ అను కెనడా యుద్ధనౌక హాలిఫాక్స్ రేవునుండి పోర్ట్ సయీదునకు చేర్చెను. విమానములను మోయు నౌకపై ఆ పర్యాయము లారీలు నిండెను. వాస్తవమునకు సేన నడచుటకు కావలసినవి అవియే.

డిసెంబరు 22 నాటికి బ్రిటిషు, ఫ్రెంచి సేనలు ఈజిప్టును విడిచెను. 1957 మార్చి నెలలో ఇజ్రాయేలు సేనలును తొలగెను.

స్వదేశమున మాత్రము పియర్సనుకు పూలమాలలు దొరకలేదు. ఆపదలో నున్న మాతృదేశమును విడిచి, నాసర్ పక్షమున చేరినాడని ప్రతిపక్షమువారు నిందించిరి. 1957 జూన్ ఎన్నికలలో ఆయన కక్షి ఓడిపోయెను. 22 సంవత్సరముల అధికారము అంతమొందెను. ఓటమికి వేఱు కారణములును ఉండెను గాని, సూయజ్ కోపము కొన్ని ఓట్లను మరల్చెననుటలో సందేహము లేదు. మంత్రిపదవి పోయి, సామాన్య సభ్యుడుగా కూర్చున్న ఆయనకు అక్టోబరు నెలలో నోబెల్ శాంతి బహుమానము లభించినట్లు వార్త వచ్చెను.

1958లో ఆయన లిబరల్ కక్షికి నాయకుడై, కొలది వారములలోనే జాన్ డీఫెన్‌బేకర్ చేతిలో ఘోరముగా ఓడిపోయెను. వేదికపై గంభీరముగా ఉపన్యసించు శక్తి ఆయనకు లేదు; నలుగురు కూర్చుండు గదిలో పనిచేయు నేర్పు వేలమంది మైదానమున పనిచేయదు. అయినను 1963లో ప్రధాని అయ్యెను. ఆయన కక్షికి సభలో సంపూర్ణమైన ఆధిక్యము ఎన్నడును దొరకలేదు. ఆ అయిదేండ్లలోనే వృద్ధులకు పింఛను పథకము, విద్యార్థులకు ఋణములు, ప్రజలందఱికి వైద్యసహాయమునకు చట్టము ఏర్పడెను. 1965లో అమెరికాకు పోయి, వియత్నాముపై బాంబులు వేయుటను కొంతకాలము ఆపి చూడవలెనని బహిరంగముగా సూచించి, మఱునాడు ఆ దేశాధ్యక్షుడు జాన్సన్ ఆగ్రహమునకు గుఱియయ్యెను.

పతాకమును గూర్చిన చేదు అనుభవమును ఆయన మఱువలేదు. కెనడాకు తనదియైన జెండా ఉండవలెనని 1964 మే నెలలో విన్నిపెగ్ నగరమున మాజీ సైనికుల సభలోనే ప్రకటించెను. పాత జెండా క్రింద పోరాడి, మిత్రులను పోగొట్టుకొన్నవారు వారు. కేకలు వేసి ఆయనను అవమానించిరి. తానును ఆ యుద్ధమున పనిచేసినవాడు కావున వారి దుఃఖము ఆయన ఎఱుగనిది కాదు; అయినను మాట మార్చుకొనలేదు. పార్లమెంటులో వాదములు నెలల తరబడి సాగెను. ఆయనకు నచ్చిన మూడాకుల నమూనాను తోసివేసి, పార్లమెంటు సంఘము ఒంటి మేపుల్ ఆకును ఎన్నుకొనెను. ఆయన దానినే సంతోషముతో స్వీకరించెను. 1965 ఫిబ్రవరి 15న ఆ పతాకము ఒట్టావాలో ఎగిరెను.

ఈజిప్టు సరిహద్దున నిలిచిన సేన పది సంవత్సరములకు పైగా నిలిచెను. దానికి మన దేశపు సేనానులు జ్ఞానీ, రిఖీ కూడ వేఱువేఱు కాలములందు అధిపతులైరి. అయితే ఆ సేన ఈజిప్టు అనుమతితో నిలిచినది. అనుమతి పోయిననాడు నిలువజాలదు. 1967 మే నెలలో నాసర్ దానిని పొమ్మనెను. కెనడావారిని నలువది యెనిమిది గంటలలో వెడలిపొమ్మనెను. పియర్సన్ అప్పుడు ప్రధాని. తన చేతితో నాటిన చెట్టును పెఱుకుచుండగా చూచుచు ఉండవలసి వచ్చెను. జూన్ 5న మరల యుద్ధము వచ్చెను. ఇంకను వెడలని భారత సైనికులు కొందఱు గాజాలో ఆ కాల్పులకు బలియైరి. పది సంవత్సరములలో సంపాదింపవలసిన రాజకీయ పరిష్కారమును ఎవరును సంపాదింపలేదు. ఆ రాత్రి న్యూయార్కులో పియర్సన్ అడిగినవి రెండు: సేన, పరిష్కారము. లోకము మొదటిది మాత్రము ఇచ్చెను.

1968లో ఆయన పదవినుండి విరమించెను. ప్రపంచ బ్యాంకు కోరికపై బీద దేశముల అభివృద్ధిని విచారించిన సంఘమునకు అధ్యక్షుడై, ధనిక దేశములు తమ జాతీయోత్పత్తిలో నూటికి 0.7 వంతు సహాయముగా ఈయవలెనని 1969లో నివేదించెను. మఱుసటి యేడు వ్రణవ్యాధిచే ఒక కన్ను తీసివేయవలసి వచ్చెను. తన జీవితకథను వ్రాయుచుండగా వ్యాధి తిరుగబెట్టి, 1972వ సంవత్సరము డిసెంబరు 27న ఒట్టావాలో మరణించెను.

ఒట్టావాకు ఉత్తరముగా, క్విబెక్ రాష్ట్రపు కొండలలో వేక్‌ఫీల్డ్ అను చిన్న గ్రామము కలదు. పియర్సన్, రాంగ్, రాబర్ట్‌సన్ మువ్వురును అక్కడి శ్మశానమున తమకు ప్రక్కప్రక్కనే స్థలములు ఏర్పఱచుకొని యుండిరి. రాంగ్ 1954లోను, రాబర్ట్‌సన్ 1968లోను అక్కడికి చేరిరి. మూడవ స్థలమున పియర్సనును ఉంచిరి.